కంటి గట్టు మీద కావలి

పొద్దున ముఖం కడుక్కునేటప్పుడు కంటి మూలలో వేలికి తగిలే పుసి గురించి ఎవరూ ఆలోచించరు. నీళ్లు చల్లుకుని, తుడిచేసుకుని పనిలో పడతారు. రాత్రంతా కంటి మీద ఏం జరిగిందో చెప్పే ఆనవాలు అదే. రెప్పలు మూతపడ్డాక కన్నీటి ఊట తగ్గిపోతుంది. రెప్ప ఆడదు, గాలి తగలదు, లోపల వెచ్చగా, తడిగా ఉంటుంది. సూక్ష్మజీవులు పెరగడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. అందుకే మనం నిద్రపోయిన కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు లక్షల సంఖ్యలో కంటి ఉపరితలం మీదికి చేరుకుంటాయి. దొరికిన సూక్ష్మజీవిని మింగేస్తాయి. మింగలేనంత పెద్దదైతే తమలోని డీఎన్‌ఏనే వలలా బయటికి విసిరి, దాన్ని అందులో చుట్టేసి, తామూ చచ్చిపోతాయి. ఆ చచ్చిన కణాలు, డీఎన్‌ఏ పోగులు, కంటి జిగురు, కాస్త నూనె కలిసి ఎండితే పుసి అవుతుంది.

రోజూ ఇంత కాపలా జరుగుతున్నా మనకు నొప్పి ఉండదు, చూపు తగ్గదు. రెప్ప తెరిచి నాలుగుసార్లు కొట్టుకునేసరికి అంతా సర్దుకుంటుంది. అయితే అవే న్యూట్రోఫిల్స్ పగలు కూడా వెనక్కి తగ్గకుండా ఉండిపోతే కథ మారుతుంది. 2018లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కంటి ఎలర్జీ ఉన్న ఎలుకల్లో ఒక విషయం గమనించారు. రెప్పల అంచున నూనె ఊరే గ్రంథుల నోళ్లకు న్యూట్రోఫిల్స్ గుంపులుగా అడ్డం పడి వాటిని మూసేస్తున్నాయి. రాత్రి కాపలా కాసిన కణాలే పగలు నూనె దారికి అడ్డమయ్యాయి.

అనంతపురం పల్లెల్లో శెనక్కాయ చేనుకు అడవిపందుల కోసం కావలి కాసే రైతుకు ఈ ఇరకాటం బాగా తెలుసు. పందిని తరమాలంటే చేలోకి దిగాలి. దిగి పరిగెత్తితే తన కాళ్ల కింద తన పైరే నలుగుతుంది. అందుకే వీలైనంతసేపు గట్టు మీదే ఉండి డబ్బా కొడతాడు, కేకలేస్తాడు, బ్యాటరీ లైటు వేస్తాడు. చివరికి తప్పనిసరైతేనే దిగుతాడు. కంటి ఉపరితలం ఆరోగ్యమంతా ఈ తీరు మీదే ఆధారపడి ఉంది. కంటి మీద కనిపించే జబ్బుల్లో చాలావాటిని బయటి క్రిమి మొదలుపెట్టొచ్చు, దుమ్ము మొదలుపెట్టొచ్చు, గాలి మొదలుపెట్టొచ్చు. చూపును పాడుచేసేది మాత్రం చాలాసార్లు చేలోకి దిగి తిరిగి గట్టెక్కని కావలిదారే.

రక్తం లేని పొర

నల్లగుడ్డు ముందు గడియారపు అద్దంలా ఉండే పొర కార్నియా. మధ్యలో దాని మందం దాదాపు అర మిల్లీమీటరు. చుట్టూ తెల్లగుడ్డును కప్పుతూ రెప్పల లోపలి దాకా పరుచుకున్న పలుచటి పొర కంజంక్టైవా. ఈ రెండింటి మీద 3 మైక్రాన్ల మందాన కన్నీటి పొర ఉంటుంది. తలవెంట్రుక మందంలో అది ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఆ కాస్తలోనే పైన నూనె, మధ్యలో నీరు, అడుగున జిగురు. నూనె రెప్పల అంచుల్లోని మీబోమియన్ గ్రంథుల నుంచి, నీరు కన్నీటి గ్రంథి నుంచి, జిగురు కంజంక్టైవాలో ఉండే గోబ్లెట్ కణాల నుంచి వస్తాయి. ఈ మూడిట్లో ఏది తగ్గినా మిగతా రెండూ నిలవవు.

కన్నీరంటే ఉప్పునీరే అనుకుంటాం. పెన్సిలిన్ కనిపెట్టడానికి ఆరేళ్ల ముందు, 1922లో, అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లైసోజైమ్ అనే పదార్థాన్ని కనుగొన్నాడు. మొదట ముక్కు చీమిడిలో, ఆ తర్వాత కన్నీటిలో. ప్రయోగాలకు కన్నీళ్లు చాలక నిమ్మరసం వాడి మరీ తెప్పించేవారు. లైసోజైమ్ కొన్ని బ్యాక్టీరియాల గోడల్ని కరిగిస్తుంది. కన్నీటిలోని లాక్టోఫెరిన్ బ్యాక్టీరియాకు ఇనుము అందకుండా లాగేసుకుంటుంది. ఐజీఏ అనే యాంటీబాడీలు క్రిమి కంటికి అతుక్కోకుండా అడ్డుపడతాయి. ఈ మూడూ ఎవరికీ హాని చేయని కాపలాలు. ఒక్క కణం కూడా కదలకుండా సగం పని వీటితోనే అయిపోతుంది.

అసలు విశేషం కార్నియాలో ఉంది. దానిలో రక్తనాళాలు లేవు. ఉంటే వెలుతురు లోపలికి సాఫీగా పోదు, చూపు మసకబారుతుంది. పక్కనే కంజంక్టైవా నిండా రక్తనాళాలుంటే అవి కార్నియాలోకి ఎందుకు పాకవన్న ప్రశ్నకు 2006లో ఒక మంచి జవాబు దొరికింది. రక్తనాళాల్ని పెరగమని చెప్పే వీఈజీఎఫ్ అనే సంకేతాన్ని పట్టి కట్టేసే ప్రోటీన్‌ను కార్నియా ఎప్పుడూ తయారు చేసుకుంటూనే ఉంటుంది. అంటే కార్నియా రక్తం అందక అలా ఉండిపోయింది కాదు. రక్తం రాకుండా రోజూ పనిగట్టుకుని ఆపుతోంది.

దీనివల్ల కంటికి దక్కిన వరం చిన్నది కాదు. 1905 డిసెంబరులో, ఇప్పటి చెక్ దేశంలో ఉన్న ఒలోమౌట్స్‌లో, ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు సున్నం పడి రెండు కళ్లూ కాలిపోయిన ఒక కూలీకి వేరొకరి కార్నియాను అతికించాడు. ఒక కంట్లో అది నిలిచింది, చూపు వచ్చింది. మనిషి నుంచి మనిషికి కిడ్నీ మార్పిడి విజయవంతం కావడానికి ఇంకా దాదాపు యాభై ఏళ్లు పట్టింది. అది కూడా కవల సోదరుల మధ్య. పరాయి కణజాలాన్ని చూడగానే మీదపడే రోగనిరోధక కణాలకు కార్నియాలో నేరుగా దారి లేకపోవడం, వచ్చినవాటిని శాంతింపజేసే సంకేతాలు అక్కడ ఉండటం దీనికి కారణాలు. కంటికున్న ఈ ప్రత్యేక స్థితిని పీటర్ మెడవార్ 1948లో వివరించాడు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పాత పుండు వల్ల రక్తనాళాలు లోపలికి పాకిన కార్నియాలో కొత్తది అతికిస్తే తిరస్కారానికి గురయ్యే ప్రమాదం బాగా పెరుగుతుంది. గట్టు తెగిన చేను అది.

లోపల ఎవరూ లేరనుకున్న చోట

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే వలయాన్ని లింబస్ అంటారు. రక్తనాళాలు అక్కడే ఆగిపోతాయి. రోగనిరోధక కణాలు ఎక్కువగా అక్కడే మకాం వేస్తాయి. కార్నియా పైపొరను జీవితాంతం కొత్తగా పుట్టించే మూలకణాలు కూడా అక్కడే ఉంటాయి. కంటికి గట్టు అదే.

చాలాకాలం పాఠ్యపుస్తకాలు కార్నియా నడిమధ్యలో ఇలాంటి కణాలు ఉండవనే చెప్పాయి. 2000 తర్వాత ఆ మాట మారింది. ఎలుకల కార్నియా మధ్యలో కూడా డెండ్రిటిక్ కణాలున్నాయని, అయితే అవి ఇంకా ముదరని స్థితిలో సద్దుమణిగి ఉంటాయని తేలింది. చెట్టుకొమ్మల్లాంటి చేతులున్న కణాలవి. వాటి పని కొట్టడం కాదు, చూసి చెప్పడం. పరాయి పదార్థాన్ని పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి పోయి, దాడిని నడిపించే తెల్ల రక్తకణాలైన అక్కడి టి కణాలకు చూపిస్తాయి. కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్‌తో బతికున్న మనిషి కార్నియాలో ఈ కణాల్ని కళ్లారా చూడొచ్చు. ఆరోగ్యంగా ఉన్న కంట్లో అవి తక్కువ, చేతులు పొట్టి. పొడిబారి మండే కంట్లో సంఖ్య పెరుగుతుంది, చేతులు బారుగా చాపుకుని ఒకదానికొకటి అందుకుంటున్నట్టు కనిపిస్తాయి. 2022లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేసి, వైరస్ సోకి తగ్గిన ఎలుకల కార్నియాలో ఆ వైరస్‌ను గుర్తుంచుకున్న టి కణాలు అక్కడే కాపురం పెట్టాయని చూపించారు. ఆరోగ్యవంతుల కంట్లోనూ అలాంటి కణాలు కదులుతూ కనిపించాయి.

అనంతపురం వాళ్లు పెద్ద కంటి వైద్యానికి రైలెక్కేది ఎక్కువగా బెంగళూరుకే. అక్కడి నారాయణ నేత్రాలయ పరిశోధకులు ఈ కణాల్ని లెక్కపెట్టడానికి తేలికైన పద్ధతిని వాడారు. కంటి ఉపరితలాన్ని సెలైన్‌తో మెల్లగా కడిగి, ఆ కడుగునీటిని పట్టి, అందులో ఏ రకం కణాలు ఏ పాళ్లలో ఉన్నాయో యంత్రంతో వేరుచేసి చూశారు. పొడి కన్ను ఉన్నవాళ్లలో ఆ పాళ్లు మారిపోయి కనిపించాయి. సూది లేదు, కోత లేదు. కంటి కడుగులోనే జాతకం ఉందన్నమాట.

ఆషాఢం గాలి

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. జూన్, జులైల్లో పడమటి గాలి మొదలైతే ఆగదు. రామగిరి, నల్లకొండ గుట్టల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని నమ్ముకునే. వేదవతి పక్కన కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు అదే గాలికి ఇసుక లేచి చేల మీద మేటలు వేస్తుంది. తాడిపత్రిలో బండలు కోసి పాలిష్ పట్టే చోట రాతిపొడి ఏడాదంతా ఉంటుంది. ఈ గాలి తగిలే కంటి మీద ఏం జరుగుతుందో వరసగా చూడాలి. రోగనిరోధక కణాలు ఎక్కడ కాలు పెడతాయో అప్పుడే అర్థమవుతుంది.

మొదట కన్నీటిలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. లీటరుకు 300 మిల్లీఆస్మోల్స్ (నీటిలో కరిగిన ఉప్పు లాంటివాటిని కొలిచే లెక్క) దగ్గర ఉండాల్సిన కన్నీటి చిక్కదనం పెరుగుతుంది. 308 దాటితే వైద్యులు అనుమానిస్తారు. చిక్కబడ్డ ఆ ఉప్పునీటిలో పైపొర కణాలు ముడుచుకుపోయి అపాయ సంకేతాలు వదులుతాయి. అప్పటికి క్రిమి లేదు, గాయం లేదు. ఉన్నది ఉప్పు ఒక్కటే. కణాలకు మాత్రం దాడి జరిగినట్టే లెక్క. డెండ్రిటిక్ కణాలు మేల్కొని లింఫ్ గ్రంథికి వార్త మోస్తాయి. అక్కడ తయారైన టి కణాలు రక్తంలో కలిసి కంటికి వస్తాయి. వాటిలో ఒక రకం వదిలే సంకేత రసాయనమైన ఇంటర్‌ఫెరాన్ గామా గోబ్లెట్ కణాల్ని చంపుతుంది. ఇంకో రకం వదిలే ఇంటర్‌ల్యూకిన్ 17 కార్నియా పైపొర అతుకుల్ని వదులు చేస్తుంది. గోబ్లెట్ కణాలు పోతే జిగురు తగ్గుతుంది. జిగురు లేని నీరు కంటి మీద నిలవక పగిలిపోతుంది, ఇంకా తొందరగా ఆరిపోతుంది. ఉప్పు మళ్లీ పెరుగుతుంది. గాలి ఆగిపోయినా ఈ చక్రం ఆగదు.

ఆగదనడానికి గట్టి రుజువు 2006లో వచ్చింది. అమెరికా పరిశోధకులు కొన్ని ఎలుకల్ని పొడి గాలిలో ఉంచి కళ్లు పొడిబారేలా చేశారు. తర్వాత వాటి నుంచి సీడీ4 అనే రకం టి కణాలు తీసి, సొంతంగా టి కణాలు లేని వేరే ఎలుకలకు ఎక్కించారు. ఆ రెండో ఎలుకలు పొడి గాలి ముఖమే చూడలేదు. అయినా వాటి కన్నీటి గ్రంథుల్లో, కార్నియాలో, కంజంక్టైవాలో వాపు వచ్చింది. గాలి మొదటి ఎలుకకే తగిలింది, జబ్బు మాత్రం కణాల వెంట రెండోదానికి నడిచిపోయింది. పొడి కన్నును నీటి కొరతగా మాత్రమే చూసే అలవాటు ఈ ప్రయోగం తర్వాత నిలబడదు. ఒట్టి నీటి చుక్కలు వేసుకుంటే హాయిగా ఉంటుంది, నిజమే. చక్రం ముదిరిన కంట్లో ఆ హాయి గంటసేపే ఎందుకుంటుందో కూడా దీంతో తెలుస్తుంది.

"కంటి నిండా నీళ్లు కారుతుంటే పొడిబారిందంటారేంది" అని జనం అడుగుతారు. సరైన ప్రశ్నే. శరీరంలో ఎక్కడా లేనంత దట్టంగా నొప్పి నరాలు కార్నియాలో ఉన్నాయి. జిగురు, నూనె తగ్గిన పొర పగిలినప్పుడల్లా ఆ నరాలు అరుస్తాయి. అప్పుడు కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. కర్నూలు మార్కెట్లో ఉల్లిగడ్డ కోసేటప్పుడు వచ్చే నీళ్ల లాంటివే అవి. బుగ్గ మీదికి కారిపోతాయి, కంటి మీద నిలవవు.

ధర్మవరంలో పట్టుచీర నేసే మనిషిని దగ్గర్నుంచి చూస్తే ఇది కనిపిస్తుంది. తెగిన పోగును వెతికి ముడి వేసేదాకా రెప్ప వాలదు. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్ల దాకా కొట్టుకునే రెప్ప, చూపు ఒకచోట నిలిపి చేసే పనిలో బాగా తగ్గిపోతుంది, కొట్టుకున్నా సగమే మూతపడుతుంది. రెప్ప పూర్తిగా మూతపడితేనే గ్రంథుల్లోంచి నూనె పిండినట్టు బయటికొచ్చి కంటి మీద పరుచుకుంటుంది. రాత్రిళ్లు ఫోను చూసే పిల్లల కళ్లకూ ఇదే లెక్క. మగ్గానికీ ఫోనుకూ రెప్ప దృష్టిలో తేడా లేదు.

ఆడవాళ్లలో పొడి కన్ను కొన్నిసార్లు లోపలి నుంచే మొదలవుతుంది. 1933లో స్వీడన్ వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ వివరించిన జబ్బులో లింఫోసైట్లు (టి కణాలు ఈ జాతివే) కన్నీటి గ్రంథిలోకి, లాలాజల గ్రంథుల్లోకి చొరబడి వాటిని ఎండగడతాయి. నోరు ఎండి సంగటి ముద్ద నీళ్లు లేకుండా మింగుడు పడకపోవడం, కీళ్ల నొప్పులు, కళ్లలో ఇసుక పోసినట్టుండటం మూడూ కలిసి వచ్చిన మనిషిని కంటి డాక్టరు ఒక్కడే చూస్తే చాలదు.

ఈ అవగాహన మందుల్ని కూడా మార్చింది. కిడ్నీ మార్పిడిలో తిరస్కారాన్ని ఆపడానికి వాడే సైక్లోస్పోరిన్‌నే 0.05 శాతం చుక్కల మందుగా 2002 డిసెంబరులో అమెరికా ఆమోదించింది. అది టి కణాల్ని మేల్కొననివ్వదు. 2016లో ఆమోదం పొందిన లిఫిటెగ్రాస్ట్ టి కణం ఉపరితలానికి అతుక్కునే కొక్కేన్నే మూసేస్తుంది. ఇవి వేసిన రోజే పనిచేయవు. సైక్లోస్పోరిన్‌కు వారాలు, నెలలు పడుతుంది, మొదట్లో మండుతుంది కూడా. ఉన్న టి కణాలు వాటంతటవి తగ్గి, గోబ్లెట్ కణాలు మళ్లీ మొలవాలి కదా. ఈ ఒక్క మాట ముందే చెబితే మధ్యలో సీసా పక్కన పడేసేవాళ్లు తగ్గుతారు.

ఎండాకాలం పిల్లవాడు

ఎనిమిదేళ్ల పిల్లవాడు. రెండు పిడికిళ్లతో కళ్లు నలుపుకుంటూనే ఉంటాడు. "ఎండాకాలం వస్తే చాలు సార్, వీనికి కండ్లు దురద, వెలుగు చూడలేడు" అంటుంది తల్లి. డాక్టరు పైరెప్పను పుల్ల మీద తిప్పి చూస్తే లోపల నున్నగా ఉండాల్సిన పొర మీద బండరాళ్లు పరిచినట్టు ఎర్రటి బొడిపెలు. నల్లగుడ్డు అంచున తెల్లటి చుక్కలు. జిగురు పట్టుకుని లాగితే పోగులా సాగుతుంది. వర్నల్ కెరటోకంజంక్టివైటిస్ అనే ఈ ఎలర్జీ వేడిగా, పొడిగా ఉండే ప్రాంతాల్లో ఎక్కువ. మగపిల్లల్లో ఎక్కువ. చాలామందిలో యుక్తవయసు వచ్చేసరికి తగ్గిపోతుంది.

ఇక్కడ గట్టు దిగిన కణాలు వేరు. పుప్పొడి, దుమ్ము లాంటివి తగలగానే మాస్ట్ కణాలు పగిలి హిస్టమిన్ అనే రసాయనాన్ని చిమ్ముతాయి. దురద అదే. కొన్ని గంటలకు ఇసినోఫిల్స్ వస్తాయి. నల్లగుడ్డు అంచున కనిపించే ఆ తెల్ల చుక్కల్లో పోగుపడి ఉన్నది ఎక్కువగా అవే. ఇసినోఫిల్స్ పురుగుల్ని చంపడానికి పుట్టిన కణాలు, వాటి ప్రోటీన్లు విషంతో సమానం. కార్నియా పైపొర వాటికి తట్టుకోలేక డాలు ఆకారంలో పుండు పడుతుంది. పిల్లవాడు రోజంతా నలపడం వల్ల కార్నియా పలుచబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ అనే జబ్బు కూడా రావొచ్చు. ఒక్క దురద వెంట ఇంత నడుస్తుంది.

ఇంతకన్నా బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఈ పిల్లవాడికి రెండు రోజుల్లో దురద పోతుంది. మాస్ట్ కణాలు, ఇసినోఫిల్స్, టి కణాలు అన్నీ ఒకేసారి అణిగిపోతాయి కాబట్టి. డాక్టరు రాసిచ్చిన వారం రోజుల మందు అయిపోతుంది. తర్వాతి వేసవికి ఆ ఖాళీ సీసా చూపించి మెడికల్ షాపులో ఇంకొకటి తెచ్చుకుంటారు. ఆ పై ఏడాది చూపించక్కర కూడా లేదు, పేరు నోటికొచ్చేస్తుంది. నెలల తరబడి వాడిన పిల్లల్లో కొందరికి కంట్లో పీడనం పెరిగి గ్లకోమా వస్తుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు పక్కల నుంచి మెల్లగా పోతుంది. పోయింది తిరిగి రాదు. యుక్తవయసులో తానే తగ్గిపోయే ఎలర్జీకి జీవితాంతం చూపు చెల్లించడం కన్నా అన్యాయం ఉండదు. చీటీ మీదో, సీసా మీదో డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్ అనే పేర్లలో ఏదున్నా అది స్టెరాయిడే. యాంటీబయాటిక్‌తో కలిపి అమ్మే చుక్కల్లో చాలాసార్లు రెండో పేరుగా ఇవే ఉంటాయి. దీర్ఘకాలం వాడాల్సిన పిల్లలకు మాస్ట్ కణాల్ని పగలనివ్వని ఓలోపటడిన్ లాంటి చుక్కలు, తీవ్రమైతే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ ఉన్నాయి. స్టెరాయిడ్ అవసరమయ్యే రోజులు కూడా ఉంటాయి. దాన్ని ఎప్పుడు ఆపాలో చెప్పే మనిషి, పీడనం కొలిచే మనిషి పక్కన ఉండాలి.

శెనక్కాయ చెత్త, కంట్లో పువ్వు

శెనక్కాయ చెట్టు పీకి, ఎండబెట్టి, కాయలు దులిపే రోజుల్లో కంట్లో మట్టి పడని రైతు ఉండడు. ఎండుటాకు అంచు నల్లగుడ్డుకు గీసుకుంటే చర్మం మీద గీత కన్నా చిన్న గాయం. సాయంత్రానికి నీళ్లు కారి, రాత్రికి మంట పెరుగుతుంది. మట్టిలో, పంట చెత్త మీద బతికే ఫ్యుసేరియం, యాస్పర్‌జిల్లస్ అనే బూజులకు ఆ గీత చాలు. దక్షిణ భారతంలో కార్నియా పుండ్లలో బూజువల్ల వచ్చేవి చాలా ఎక్కువ, వాటి వెనక ఎక్కువగా ఉండేది ఇలాంటి పొలం గాయమే.

బూజు పోగులుగా పెరుగుతుంది. ఒక న్యూట్రోఫిల్ మింగడానికి సరిపోనంత పొడవు. లింబస్ నుంచి గుంపులుగా వచ్చిన న్యూట్రోఫిల్స్ ఆ పోగుల చుట్టూ మూగి, ప్రోటీన్లను కరిగించే ఎంజైముల్ని, ఆక్సిజన్ విషాల్ని గుమ్మరిస్తాయి. బూజు కాలుతుంది. దానితోపాటు కార్నియాను అల్లిన కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు కూడా కరుగుతాయి. నల్లగుడ్డు వెనక అడుగున తెల్లటి గీత గీసినట్టు చీము నిలవడం చూసే ఉంటారు. ఆ తెల్లదనం ప్రధానంగా న్యూట్రోఫిల్స్ కుప్పే. పుండు మానిన చోట కొల్లాజెన్ మళ్లీ అల్లుకుంటుంది గానీ పాత వరసలో అల్లుకోదు. వెలుతురు దాటదు. మన ఊళ్లలో "కంట్లో పువ్వు పడింది" అనేది దీన్నే. ఆ పువ్వులో బూజు పాలెంతో, మన కణాల పాలూ అంతే.

అందుకే ఇక్కడ స్టెరాయిడ్ వేస్తే మంచిదే కదా అనిపిస్తుంది. బూజు పుండులో అది ప్రమాదం. న్యూట్రోఫిల్స్ ఆగిపోతే బూజుకు అడ్డు లేదు. రెండు రోజులు ఎరుపు, నొప్పి తగ్గి బాగైనట్టు కనిపిస్తుంది. ఆలోపు పోగులు కార్నియాను చీల్చుకుని లోపలికి దిగిపోతాయి. బ్యాక్టీరియా పుండ్లలో సంగతి కాస్త వేరు. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన 48 గంటల తర్వాత స్టెరాయిడ్ కలిపితే లాభమా అని భారత్‌లోనే ఎక్కువగా జరిగిన ఒక పెద్ద పరీక్షలో 500 మందిని చూశారు. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం మూడు నెలలకు చూపులో మొత్తం మీద తేడా లేదు. బూజుకు నాటామైసిన్ చుక్కలే, ముఖ్యంగా ఫ్యుసేరియం మీద, ఖరీదైన వోరికొనజోల్ కన్నా మేలని 2013లో ఇంకో పరీక్ష తేల్చింది.

ఏది బూజో ఏది బ్యాక్టీరియానో ఎరుపు చూసి చెప్పలేం. పుండును మెల్లగా గీకి, గాజుపలక మీద రాసి, మైక్రోస్కోప్ కింద చూడాలి. పది నిమిషాల పని. పసరు పిండటం, చనుబాలు వేయడం, నాలుకతో నలుసు తీయించడం లాంటివి ఆ పది నిమిషాల్ని పది రోజులు వెనక్కి నెడతాయి. వేసేవాళ్లకు ప్రేమే ఉంటుంది, సందేహం లేదు. కానీ గీత పడ్డ కార్నియాకు అది కొత్త క్రిముల్ని అందించడమే.

దీనికి మార్గం చాలా చౌకది. నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ కార్యకర్తలు కార్నియా మీద గీత పడ్డవాళ్లకు 1 శాతం క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్‌ను రోజుకు మూడుసార్లు చొప్పున మూడు రోజులు పెట్టారు. 2001లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, గాయమైన 18 గంటల్లోపు మందు అందిన వాళ్లలో ఒక్కరికీ పుండు పడలేదు. కణాలు గట్టు దిగాల్సిన అవసరమే రాలేదు. పైపొర ఒకటి రెండు రోజుల్లో తానే మూసుకుంది. ఆశా కార్యకర్త సంచిలో పట్టే మందు అది. రాయలసీమ పల్లెల్లో కోతల కాలానికి ముందే అది ఉండి తీరాలి.

ఎడినోవైరస్ వల్ల కండ్లకలక వచ్చినప్పుడు కొందరికి ఎరుపు తగ్గినా మసక మాత్రం నెలల పాటు వదలదు. వైరస్ పోయాక దాని ముక్కల చుట్టూ లింఫోసైట్లు గుమిగూడి కార్నియాలో నాణేల్లాంటి మచ్చలు కట్టడమే ఆ మసక. క్రిమి లేదు, కావలి మాత్రం ఇంకా ఇంటికి పోలేదు. 2024 అక్టోబరులో భారత్ నుంచి ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ట్రకోమా అనే బ్యాక్టీరియా కంటిజబ్బులో కూడా రెప్పను లోపలికి ముడిచి వెంట్రుకల్ని కార్నియాకు రాపాడించేది ఏళ్ల తరబడి సాగిన వాపు మిగిల్చిన మచ్చే.

సున్నం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వక్కాకు కోసం ఇంట్లో పెట్టుకునే సున్నం డబ్బీ పిల్లల చేతిలో చిట్లి కంట్లో పడితే లింబస్ దగ్గరి మూలకణాలు చచ్చిపోతాయి. గట్టే పోతుంది. తెల్లగుడ్డు రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. ఒక కన్ను ఇలా కాలి రెండోది బాగున్నవాళ్లకు హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ వైద్యులు 2012లో ఒక పద్ధతి ప్రచురించారు. బాగున్న రెండో కంటి లింబస్ నుంచి చిన్న ముక్క తీసి, ఎనిమిది నుంచి పది ముక్కలుగా తరిగి, ఉమ్మనీటి సంచి పొర మీద అతికిస్తారు. సొంత కణాలు కాబట్టి తిరస్కారం భయం లేదు. అంతకన్నా ముందు చేయాల్సింది మాత్రం ఇంట్లోనే ఉంది. సున్నం పడ్డ క్షణం నుంచి బిందెల కొద్దీ మంచినీళ్లతో, రెప్ప తిప్పి, అరగంట కడగాలి. ఆ తర్వాతే బండి ఎక్కించాలి.

కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెళ్లినా, అనంతపురంలో ఏ కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఎర్రటి కంటితో వచ్చిన మనిషిని మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే. "ఇంతకు ముందు ఏ చుక్కలు వేసుకున్నారు?" స్టెరాయిడ్ పడిన కంట్లో కణాలు నిద్రపోతుంటాయి. బూజు పుండు కూడా నెమ్మదిగా, ఎర్రదనం లేకుండా, పెద్దగా భయపెట్టకుండా కనిపిస్తుంది. చూసే డాక్టరు కూడా పొరబడతాడు. ఇంటి దగ్గర కిటికీలోనో, దేవుడి గూట్లోనో పెట్టిన ఆ సగం వాడిన సీసాను, మూత పోయినా, పేరు సగం చెరిగిపోయినా, జేబులో వేసుకుని వెంట తీసుకెళ్లాలి.